ఎర్రగుర్తు లేని ఇళ్ళు

ఊరంతటికీ కాయిన్ బాక్స్ ఫోను ఒక్కటే ఉన్న ఆ కాలంలో, లోకమంటే ఏమిటో మాకు చెప్పేవి రెండే చోట్లు: ఆదివారపు బడి, ఏడో తరగతి భూగోళం. ఆదివారం నాడు ఎర్రసముద్రం రెండుగా చీలి దారి ఇచ్చేది. సోమవారం నాడు అదే ఎర్రసముద్రానికి పటంలో నీలం రంగు వేయమనేవారు. ఈ రెంటినీ ఒకే బుర్రలో సర్దుకోలేక నేను పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఆ రెండూ ఒకే దేవుడి చేతిపనే అని నిబ్బరంగా చెప్పగలను గానీ, అప్పట్లో ఒక సాయంత్రం మాత్రం ఆ రెండూ కలిసి నా ప్రాణం మీదికి వచ్చాయి.

మా ఊరు కోడుమూరు పక్కన. మా భూగోళం సారును మేమంతా పటాల సారు అనేవాళ్ళం. చంకలో చుట్టిన పటం లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు (పెళ్ళి ఫోటోలో కూడా ఉందని మా పక్కింటి జతగాడు బుడ్డోడు ఒట్టు పెట్టి చెప్పేవాడు). పాఠం చెప్పి ఊరుకునే మనిషి కాదు. ఇంటికి పని ఇచ్చేవాడు. కర్ర పాతి నీడ కొలవమనేవాడు. వాన పడితే సీసాలో పట్టి కొలవమనేవాడు. మా వైపు సీసా బయట పెడితే నిండేది దుమ్మే, అది వేరే సంగతి. అలా ఒక వారం, ఊళ్ళో వీధి వీధికీ పటం గీయాలి అన్నాడు. సరిగ్గా ఆ వారం నేను ఊళ్ళో లేను. మంగంపేటలో అవ్వకు జబ్బుగా ఉందంటే నాయనతో పోయాను. అక్కడ ముగ్గురాళ్ళ గనుల తెల్లటి దుమ్ము మధ్య అవ్వ మంచం పక్కన కూర్చుని నేను చేసిన పనల్లా ఆదివారపు బడి పాఠం వల్లించుకోవడం. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఆఖరి తెగులు పాఠం అది. గొర్రెపిల్ల రక్తం గుమ్మానికి పూసుకున్న ఇళ్ళను దేవుడు పంపిన సంహారకుడు దాటిపోతాడు. గుర్తు లేని ప్రతి ఇంట్లోనూ పెద్దకొడుకు చనిపోతాడు. మా ఇంటికి పెద్దకొడుకును నేనే కాబట్టి ఆ పాఠం మిగతావాళ్ళ కంటే నాకు బాగా ఎక్కింది.

శనివారం పొద్దు వాలుతుండగా ఊళ్ళో బస్సు దిగాం. ఉపవాస కూడిక జరుగుతున్నదని నాయన నేరుగా ప్రార్థన మందిరానికి పోతూ, "నువ్వు ఇంటికి పోప్పా, అమ్మనూ తమ్మున్నీ నేను పిల్చుకొస్తా" అన్నాడు. నేను సంచి భుజాన వేసుకుని వీధిలోకి తిరిగాను. తిరిగిన చోటే నిలబడిపోయాను.

వీధిలో మనిషి అలికిడి లేదు. శనక్కాయ పీకే రోజులు, పెద్దవాళ్ళంతా చేలల్లో ఉన్నారనుకున్నాను. కరెంటు ఎప్పటిలాగే లేదు. ఆ మసక వెలుతురులో మొదటి ఇంటి గుమ్మం పక్కన, చెయ్యెత్తితే అందే ఎత్తులో, ఎర్రటి చార కనబడింది. తడి ఇంకా ఆరలేదు. అది గోడ వెంట కిందికి కారి గడప మీద చుక్కలు చుక్కలుగా పడి ఉంది. పక్కింటికీ ఉంది. ఆ పక్క ఇంటికీ ఉంది. ఎవరిదో మేక ఒకటి ఆ చుక్కలు వాసన చూసి, ఎందుకో బెదిరి, వెనక్కి నడిచింది. నాకూ వెనక్కి నడవాలనిపించింది గానీ కాళ్ళు ముందుకే పోయాయి. వరుసగా ప్రతి గుమ్మమూ చూస్తూ పోతే బుడ్డోడి ఇంటికి గుర్తు లేదు. దర్జీ మామ ఇంటికి లేదు. మా ఇంటికి లేదు. బుడ్డోడిది ఏడో తరగతి. దర్జీ మామ కూతురిదీ ఏడో తరగతి. నా సంగతి చెప్పక్కర్లేదు.

ఎదురింటి గాజుల అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. "అవ్వా, ఈ ఎరుపు ఏంది?" అన్నాను.

"నాకేం తెలుసప్పా? మధ్యానం అట్ల కన్ను మూసినా. లేసేసరికి వాకిలికి ఉండాది. మంచిదో చెడ్డదో, తుడిసేదానికి భయమై అట్లే ఇడిసిపెట్టినా."

"బుడ్డోడు యాడికి పోయినాడు?"

"పొద్దున పోయినోడు ఇంగా రాలేదంట. మీ ఈడు పిల్లోళ్ళు ఒక్కరూ కనపడల్యా ఈపొద్దు." అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసి, ఎంతో జాలిగా, "నువ్వొక్కడివే మిగిలినట్టుండావు గదప్పా" అంది.

ఆ మాటతో మా ఇంటికి పరుగెత్తాను. లోపలికి దూరి గొళ్ళెం పెట్టుకున్నాను. గొళ్ళేలు సంహారకుణ్ణి ఆపవని మరుక్షణమే గుర్తొచ్చింది. గుర్తు కావాలి. గొర్రెపిల్లను ఎక్కడి నుంచి తేను? మా ఇంట్లో ప్రాణమున్న ఆస్తి ఒక కోడిపెట్ట. అది గుడ్లు పెట్టే పెట్ట. దాన్ని కోస్తే సంహారకుడు వదిలిపెట్టినా అమ్మ వదిలిపెట్టదు. వంటింట్లో తడుముతుంటే ఆదివారం దోసెల కోసం అమ్మ వెల్లుల్లి వేసి నూరి పెట్టిన ఎర్రకారం గిన్నె చేతికి తగిలింది. "ప్రభువా, రంగు చూసి సర్దుకో" అని ప్రార్థన చేసి, తలుపు తీసి, గుమ్మానికి రెండు వైపులా, పైకమ్మికి ఎగిరెగిరి, గిన్నె ఖాళీ అయ్యేదాకా పూశాను. మళ్ళీ లోపల చేరి, మండుతున్న చేతులు చంకల్లో పెట్టుకుని మూల కూర్చున్నాను.

కాసేపటికి అడుగుల చప్పుడు వచ్చింది. ఒకరివి కావు, చాలామందివి. వీధి మొదటి నుంచి వస్తున్నాయి, ఒకరూ మాట్లాడడం లేదు. మా గుమ్మం ముందుకు వచ్చి ఆగాయి. తలుపు సందులోంచి ఏదో నీడ అటూ ఇటూ కదిలింది. అప్పుడు ఒక బొంగురు గొంతు అంది: "దీనికి గుర్తుండాది. దాటి పోండి."

దాటిపోయాయి. స్తోత్రం చెప్పబోయాను. అంతలో ఆ అడుగులు పక్కకు మళ్ళి బుడ్డోడి ఇంటి ముందు ఆగాయి. తలుపు కిర్రుమంది. బుడ్డోడి అమ్మ "అయ్యో!" అని అరిచింది. తర్వాత అంతా నిశ్శబ్దం. నేను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, వాళ్ళ గుమ్మానికి కూడా కాస్త కారం మిగల్చాల్సింది కదా అని ఏడ్చాను.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు నాకు తెలిసినదే. అమ్మా నాయనా, చంకలో తమ్ముడు, అవ్వ జబ్బు గురించి ప్రార్థించడానికి పాస్టరయ్య, వెనక సంఘస్థులు నలుగురైదుగురు. మా పాస్టరయ్యకు ఒక అలవాటు. ఏ ఇంటికి పోయినా ముందు గుమ్మానికి అరచేయి ఆనించి, ఆ ఇంటిని దేవునికి అప్పగించి, అదే చేత్తో ముఖం తుడుచుకుని లోపలికి అడుగు పెడతాడు. ఆరోజూ అలాగే పెట్టాడు. చాప మీద కూర్చుని అవ్వ కోసం రెండు మాటలు అన్నాడో లేదో, కళ్ళ నుంచి ధారలు మొదలయ్యాయి. "ప్రభువా... అయ్యో ప్రభువా..." అని ఆయన మెలికలు తిరుగుతుంటే, ఆయన్ను అంత భారంతో ప్రార్థించగా ఎన్నడూ చూడని సంఘస్థులు తామూ కరిగిపోయి ఏడ్చారు. దర్జీ మామ అయితే వెక్కి వెక్కి ఏడ్చాడు. చివరికి పాస్టరయ్య, "నీళ్ళు... ఎవరన్నా నీళ్ళు ఇయ్యండి" అనేదాకా అమ్మకు అనుమానం రాలేదు.

"ఇదేందిది, ఎల్లిపాయ వాసన?" అంటూ లేచి, అమ్మ లాంతరు గుమ్మం దగ్గరికి పట్టింది. "నా కారం!"

నేను ఉన్నదంతా చెప్పేశాను. ముందు నవ్వింది దర్జీ మామ. "ఓరి పిచ్చి నాయనా! పటాల సారు పిల్లోళ్ళతో ఇండ్లు పటం గీయిస్తాండాడు. గీసిన ఇంటికి మళ్ళా పోకుండా ఎర్రమట్టి జాజు పూస్తాండారు, పోలియో సుక్కలోళ్ళు వాకిండ్లకు సుద్దముక్కతో గీస్తారే, అట్ల. వీధులన్నీ తిరిగినాక పిల్లోళ్ళ సొంత ఇండ్లు ఆఖర్న చేద్దామన్నాడు. నీ గుర్తు చూసి, అయిపోయిందనుకొని దాటుకొని పోయింటారు." (బొంగురు గొంతు కూడా సారుదే. జలుబు చేసిందట. ఎవరూ మాట్లాడకపోవడం అడుగులు లెక్కపెట్టుకోవడానికట.) ఇల్లంతా నవ్వులు. పాస్టరయ్య మాత్రం తడిగుడ్డ కళ్ళకు ఒత్తుకుంటూ, "నవ్వొద్దండి. మనం విని ఇంటికి పోతాం. ఈ పిల్లోడు విని వాకిలికి పూసినాడు" అన్నాడు.

అందరూ పోయాక నాయన నా చేతులకు వెన్న రాసి పక్కన పడుకోబెట్టుకున్నాడు. "ఆ గుర్తు మనకు ఎప్పుడో పెట్టేసినారు నాయనా. గొర్రెపిల్లను కూడా దేవుడే ఇచ్చుకున్నాడు, సొంత కొడుకునే. ఇంగ ఎవరూ వచ్చి వాకిలి చూసేది లేదు, నిద్దరపో" అన్నాడు. ఎన్నో ప్రసంగాలు విన్నాను తర్వాత. అంత తేటగా ఎవరూ చెప్పలేదు.

నమ్మాను. అయినా ఆ "అయ్యో" చెవిలోనే ఉంది. తెల్లవారీ వారకముందే పోయి బుడ్డోడి తలుపు కొట్టాను. వాడు నోటి నిండా పళ్ళపొడి నురగతో బయటికి వచ్చాడు. రాత్రి జాజు డబ్బా ఇంట్లో ఒలకబోసినందుకు వాళ్ళమ్మ మెలేసిన చెవి ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏందిరా పొద్దున్నే?"

"ఏం లేదు. ఉండావా అని."

"లేకుంటే యాడికి పోతా? మీ ఇల్లే లేదు పటంలో, పో!" అని పుక్కిలించి ఉమ్మి లోపలికి పోయాడు.

నేను ఆ వీధిలోనే మరో ఇంటికి, అంటే దర్జీ మామ ఇంటికి కూడా పోయి, వాళ్ళ పిల్ల వాకిలి ఊడుస్తూ కనబడ్డాక గానీ దోసె తినడానికి రాలేదు. ఇప్పుడు బుడ్డోడు డోన్‌లో లారీలు తిప్పుతాడు, ఎప్పుడో గానీ కలవడు. ఫోను చేస్తే క్షేమం అడగడం, ఆరోగ్యం అడగడం నాకు చేతకాదు. "ఉండావా?" అంటాను. "ఉండాలేప్పా" అంటాడు వాడు.