కార్లింగ్‌ఫర్డ్ నుంచి రోష్ కోట దాకా: కరోనా కాలంలో ఒక ఆదివారం

ఆ వేసవిలో మేము ఫ్రాన్స్ వెళ్ళాల్సింది. అక్కడ కొండల మీద కోటగోడల మధ్య కట్టుకున్న పాత ఊళ్ళు చూడాలని మా ఆయన రవికి ఎప్పటినుంచో కోరిక. ఆయన కొండపల్లిలో పెరిగాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఖిల్లా ఎక్కిన మనిషి కాబట్టి, ఎక్కడ రాతిగోడ కనబడినా కాళ్ళు అటే లాగుతాయి. కరోనా వచ్చి విమానాలు, గదులు అన్నీ రద్దయ్యాయి. లాక్‌డౌన్ కాస్త సడలించి, సొంత కౌంటీ లోపల తిరగవచ్చని చెప్పగానే రవి మ్యాపు ముందేసుకున్నాడు. ఐర్లాండ్‌లో మేముండే డ్రోహెడా, లౌత్ కౌంటీలో ఉంది. అదే కౌంటీకి ఉత్తరపు చివర, సముద్రపు పాయ ఒడ్డున, కార్లింగ్‌ఫర్డ్ అనే మధ్యయుగాల ఊరు ఉంది. తిరుగుదారిలో డండాక్ దగ్గర కాస్త లోపలికి వెళ్తే ఒక గుట్ట మీద రోష్ కోట. "ఫ్రాన్స్ దాకా ఎందుకు, ఇంటి పక్కనే పెట్టుకుని" అన్నాడు.

నాకు మాత్రం గడప దాటాలంటేనే వణుకు. నేను ఒక నర్సింగ్ హోమ్‌లో, అంటే ఇక్కడ వృద్ధాశ్రమం లాంటి చోట, పెద్దవాళ్ళని చూసుకునే కేరర్‌ని. ఆ వసంతంలో నా చేత్తో అన్నం తిన్న పెద్దవాళ్ళలో కొందరు, కన్నబిడ్డల్ని చూసుకోకుండానే పోయారు. ఇంటికొస్తే వాకిట్లోనే బట్టలు మార్చుకుని, స్నానం అయ్యేదాకా మా తొమ్మిదేళ్ళ కీర్తిని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. అయినా ఒప్పుకున్నానంటే అన్నమ్మ ఆంటీ కోసమే. మా వీధిలో ఉండే స్టెల్లా కాన్పుకి సాయంగా వాళ్ళమ్మ అన్నమ్మ ఆంటీ ఫిరంగిపురం నుంచి వచ్చింది. విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయింది. షుగరుంది, గుండెకి స్టెంటు వేశారు. నెలల తరబడి ఆ ఇంటి వెనక గడ్డి తప్ప ఆమె ఏమీ చూడలేదు. "ఒక్క పూట బయటి గాలి పీల్చుకోనీయండమ్మా" అని ఫోన్లో ఏడ్చింది. స్టెల్లా పసిబిడ్డను భుజాన వేసుకుని కారు దాకా వచ్చి, దూరంగానే నిలబడింది. "అక్కా, అద్దాలు దించే ఉంచండి. అమ్మ మాస్కు తీయకుండా చూడు. నిన్ను నమ్మి పంపుతున్నా."

ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాం. డ్రోహెడాకి ఉత్తరం వైపున్న జంక్షన్‌లో ఎం-వన్ మోటార్‌వే ఎక్కితే టోల్ పడదు. డండాక్ దగ్గర మోటార్‌వే దిగి తూర్పుకి తిరిగితే, ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం చూసుకుంటూ గంటలోపే కార్లింగ్‌ఫర్డ్ చేరతారు. అద్దాలన్నీ దించి ఉండటంతో చలిగాలికి చెవులు నొప్పెట్టాయి. ఆంటీ శాలువా తలకు చుట్టుకుని, మాస్కు పైనుంచి కళ్ళతోనే నవ్వుతూ కూర్చుంది.

రేవు పక్కన కారు ఉచితంగానే పెట్టుకోవచ్చు. నీళ్ళ అంచున రాతిగుట్ట మీద పెద్ద కోట ఉంది కానీ లోపలికి తాళం, బయటి నుంచే చూశాం. అవతలి ఒడ్డున కనిపించే నీలపు కొండలు ఉత్తర ఐర్లాండ్‌వి. ఊళ్ళోకి వెళ్ళే పాత ద్వారం ఇంకా నిలిచే ఉంది, దాని కింద ఒక్క కారు పట్టేంత దారి. మేము దాని కింద ఉండగా ఎదురుగా పరుగెత్తుతూ వచ్చిన ఒకాయన గట్టిగా దగ్గాడు. అంతే, ఆంటీని గోడకేసి తిప్పి నా ఒళ్ళు అడ్డం పెట్టాను. ఆయన చేయెత్తి సారీ చెప్పి వెళ్ళిపోయాడు. "మామ్, యు నియర్లీ స్క్వాష్డ్ హర్" అంది కీర్తి, ఆంటీని గోడకి నలిపేయబోయానని. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. కిటికీలోంచి కాఫీ అమ్ముతున్నావిడ కప్పులు గట్టు మీద పెట్టి వెనక్కి జరిగి, "ఈ రోజుల్లో అందరం దొంగల్లా తప్పుకుని తిరుగుతున్నాం కదా, పెట్" అంది. పెట్ అంటే ఇక్కడ ముద్దుగా పిలవడం. నవ్వి, కప్పుల్ని శానిటైజర్‌తో తుడిచి తీసుకున్నాను.

మధ్యాహ్నం రోష్ కోటకి వెళ్ళాం. టికెట్టు లేదు, కాపలా లేదు. సన్నటి పల్లె దారిలో పక్కకి కారు ఆపి, కంచె దాటి, ఆవులు మేసే పొలంలోంచి గుట్ట ఎక్కాలి. ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు దగ్గర కావడంతో ఫోన్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మబ్బు కమ్ముకుంటోంది. సగం దూరం ఎక్కేసరికి ఆంటీకి ఆయాసం వచ్చింది. "ఇది తీసేయనీ అమ్మా, ఊపిరాడట్లా" అంటూ మాస్కు కిందికి లాగింది. తడిగడ్డి మీద కాలు జారుతుంటే నేను ఆమె చేయి పట్టుకుని, నడుం చుట్టూ చేయి వేసి, దాదాపు మోసుకుంటూ పైకి తీసుకెళ్ళాను.

పైన గోడలు మాత్రమే మిగిలాయి. కప్పు లేదు, లోపలంతా గడ్డి. ఒకవైపు నిట్టనిలువు లోయ. గాలి రాళ్ళ సందుల్లో దూరి ఈల వేస్తోంది. రవి ఒక కిటికీ చూపించి, కోట కట్టిన మేస్త్రిని పెళ్ళాడతానని చెప్పిన దొరసాని, పని అయ్యాక అతన్ని అందులోంచే కిందికి తోయించిందని ఇక్కడివాళ్ళు చెప్పుకునే కథ చెప్పాడు. కీర్తి వెనక్కి జరిగి వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుంది. "మా కొండవీడు కోట ఇంతకంటే పెద్దదిలే" అంది ఆంటీ ఆయాసంలోనే.

అప్పుడే నా జేబులో ఫోను వరసగా అదిరింది. అన్నీ మా మేనేజర్ చేసిన కాల్స్. తిరిగి చేశాను. శుక్రవారం నాతో పాటు డ్యూటీ చేసిన అమ్మాయికి పాజిటివ్ వచ్చిందట. ఆ రోజు ఇద్దరం ఒకే గదిలో కూర్చుని భోజనం చేశాం. "మీరు వెంటనే ఇంటికి వెళ్ళి విడిగా ఉండండి, రేపు టెస్టు" అంది.

నేను అప్పటికి ఆంటీకి మూరెడు దూరంలో ఉన్నాను. నా అరచేతిలో ఇంకా ఆమె చేతి వెచ్చదనం ఉంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే వెనక్కి నడిచి, ఎదుటి గోడకి వీపు ఆనేదాకా ఆగలేదు.

"ఏందమ్మా? ఎందుకట్టా పోతన్నావు?" అంది ఆంటీ.

చెప్పాను. ఆమె ముఖంలో రంగు పోయింది. మాస్కు పైకి లాక్కుని అరచేత్తో అదిమి పట్టుకుంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది: "నాకేమన్నా అయితే ఇక్కడే పూడుస్తారా? మా ఆయన పక్కన చోటు పెట్టించుకున్నానే."

ఆమెకు స్టెల్లా ఉంది, స్టెల్లా ఒళ్ళో పసిగుడ్డు ఉంది. నేను మళ్ళీ ఆ కారెక్కి ఆమెతో కలిసి గాలి పీల్చుకుంటూ వెళ్ళడం నావల్ల కాదనిపించింది. "రవీ, ఆంటీని దించేసి రా. నేను ఇక్కడే ఉంటా" అన్నాను. "ఒక్కదానివే ఈ శిథిలాల్లోనా?" అన్నాడు. ఇద్దరం వాదించుకునే టైము లేదు, చినుకులు మొదలయ్యాయి. ఆంటీని రవి ఒక పక్క, కీర్తి ఇంకో పక్క పట్టుకుని దించుతుంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒకసారి వెనక్కి తిరిగింది. చేయెత్తుదామనుకున్నాను కానీ ఆ చేయి ఎత్తాలనిపించలేదు.

రవి తిరిగి రావడానికి గంటన్నరకి పైనే పడుతుంది. వాన పెద్దదై, ద్వారం దగ్గరున్న బురుజు చాటున ఒదిగి నిలబడ్డాను. గోడల నల్లదనానికీ, ఆ కిటికీకీ నాకు భయం వేయలేదు. నా ఊపిరికే భయం వేసింది. దగ్గు వస్తోందా? గొంతు నొప్పిగా ఉందా? గట్టిగా గాలి పీల్చి, ఎన్ని క్షణాలు ఆపగలనో పదేపదే పరీక్షించుకున్నాను. కీర్తి పొద్దున నా కాఫీ రుచి చూసిన సంగతి గుర్తొచ్చి అక్కడే రాయి మీద కూలబడ్డాను.

కాసేపటికి కింద జీపు ఆగింది. ఒక పెద్దాయన కుక్కతో పొలంలోంచి పైకి రావడం మొదలుపెట్టాడు. ఆవుల్ని చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు. "ఏమ్మా, అంతా గ్రాండేనా?" అని అరిచాడు ఇంగ్లీషులో. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నామని.

"దగ్గరికి రావద్దు!" అన్నాను అంతకంటే గట్టిగా. ఆయన ఆగిపోయాడు. వానలో అరుచుకుంటూనే సంగతి చెప్పాను. నర్సింగ్ హోమ్ అన్న మాట వినగానే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా అమ్మ అలాంటి చోటే ఉంది. మార్చి నుంచి అద్దం అవతల నుంచే చూస్తున్నాను. ఆవిడకి చెవులు వినబడవు. నీలాంటి అమ్మాయే ఒకతి నా మాటలు పలక మీద రాసి చూపిస్తుంది. వెళ్ళేటప్పుడు మా అమ్మ చేయి పట్టుకుంటుంది. నాకది చాలు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. జీపు దగ్గరికి వెళ్ళి ఒక పాత వానకోటు తెచ్చి కంచె మీద వేసి, వెనక్కి జరిగాడు. "పని అయ్యాక అక్కడే వదిలెయ్. వారం దాకా ముట్టుకోనులే" అన్నాడు. నేను కిందికి దిగి అది వేసుకుని, కంచె పక్కన నిలబడ్డాను. రవి కారు మలుపు తిరిగేదాకా ఆయన జీపులోనే కూర్చున్నాడు. తర్వాత ఒకసారి హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. నేను ఆయన పేరు కూడా అడగలేదు.

నాకు పాజిటివ్ వచ్చింది. జ్వరం, ఒళ్ళునొప్పులు, పోపు మాడినా వాసన తెలిసేది కాదు. రవికి రెండు రోజులు వెచ్చబడి తగ్గింది, కీర్తికి ఏమీ కాలేదు. నా రిపోర్టు సంగతి చెప్పగానే స్టెల్లా మాట్లాడకుండా ఫోను పెట్టేసింది. ఆ మౌనం జ్వరం కంటే ఎక్కువ బాధపెట్టింది. తల్లిని మేడ మీద గదిలో ఉంచి, బిడ్డతో తను కిందే ఉంది. ఆంటీకి మొదటి టెస్టు నెగటివ్. వారం గడిచాక చేసిన రెండోదాని కోసం ఎదురుచూసిన రోజుల్లో ఫోను మోగితే చాలు, ఎత్తడానికి చేయి వచ్చేది కాదు. చివరికి ఆంటీయే చేసింది. "నాకేం లేదంటమ్మా! మా అమ్మాయి కూడా కోపం మరిచిపోయి ఏడుస్తా కూర్చుంది, ఇదిగో మాట్లాడు" అంది. స్టెల్లా ఫోను తీసుకుంది. ఆ పక్క నుంచి బిడ్డ కేరింత వినిపించింది.

ఇప్పటికీ కోటలు చూస్తూనే ఉన్నాం. కానీ వాటిని కట్టినవాళ్ళ గురించి నేను ఆలోచించే తీరు మారింది. ఇంత మందం గోడ, ఇంత ఎత్తు బురుజు కట్టారంటే ఎంత భయపడి ఉంటారో అనుకుంటాను. శత్రువు ఏ లోయలోంచి వస్తాడో కనీసం వాళ్ళకి తెలుసు. ఆ రోజు వాళ్ళ గోడల మధ్య నిలబడ్డ నాకు అదీ తెలియదు. తెలిసిందల్లా, భయపడుతూ కూడా మనుషులు ఒకరికొకరు చేయగలిగింది చేస్తారని.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: రోష్ కోటకి మెట్లు లేవు, కారు గుట్ట కిందే ఆగుతుంది, వాన పడితే గడ్డి బాగా జారుతుంది. పెద్దవాళ్ళతో వెళ్తే చీలమండ దాకా ఉండే బూట్లు వేయించండి, వాళ్ళకి ముందు కాకుండా పక్కన నడవండి.