గుడివాడలో రెండైన రైలు

ఇలా దగ్గరికి జరగండమ్మా. గుమ్మంలో కూర్చుంటే నా మాటలు సగం వీధిలోకి పోతాయి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఒక రైలు కబురు చెబుతాను, వినండి.

నా చిన్నప్పుడు మేము మైలవరం దగ్గర మెట్ట ఊళ్ళో ఉండేవాళ్ళం. మిరప, కంది, గట్ల మీద చింతచెట్లు, అంతే మా ఆస్తి. మా నాయనమ్మ చెల్లెలిని మాత్రం పల్లపు సీమలో, పెడనలో ఇచ్చారు. ఏటా ఎండాకాలం కొత్త చింతపండు రాగానే మా నాయనమ్మ గింజలు తీసి, ఈనెలు ఏరి, ఒక బుట్టకు దట్టంగా కూరి చెల్లెలికి పట్టుకెళ్ళేది. "వాళ్ళకి వరి ఉంది, చేప ఉంది, కాలువ ఉంది. పులుపు మాత్రం మనమే పంపాలి" అనేది. అదేదో వాళ్ళ ఊరంతా ఈవిడ చింతపండు కోసమే పొయ్యి వెలిగించకుండా కూర్చున్నట్టు!

ఆ ప్రయాణం ఇప్పటి మాదిరి కాదు. మైలవరంలో బస్సెక్కి కొండపల్లి స్టేషనుకి రావాలి. కాజీపేట నుంచి వచ్చే పాసింజరు అందుకుని బెజవాడలో దిగాలి. అక్కడ వంతెనెక్కి ఇంకో ప్లాట్‌ఫారానికి వెళ్ళి బందరు వైపు రైలు పట్టుకోవాలి. పెడనలో దిగాక జట్కా. ఒకటి తప్పితే తరవాతవన్నీ తప్పినట్టే. మా నాయనమ్మకు ఒక్క అక్షరం రాదు. ఆవిడకు వచ్చిందల్లా అడగడం. అదీ ఒక్కరిని అడిగి ఊరుకునేది కాదు. సామాను మోసే కూలీని అడిగేది, జామకాయలమ్మే ఆవిణ్ణి అడిగేది, మూట మీద కూర్చున్న ముసలాయన్ను అడిగేది. ముగ్గురిలో ఇద్దరి మాట కలిస్తేనే అడుగు ముందుకేసేది. ఆవిడ కొంగు పట్టుకుని నడిచే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. బోర్డు ఎదురుగా ఉండగా ఇంతమందిని అడుక్కోవడం ఏమిటని.

నేను మూడో తరగతి పాసైన ఏడాది సంగతి ఇది. మా నాన్న ఒకరోజు అన్నం తింటూ, ఇక బడి చాల్లే అన్నాడు. ఆడపిల్లకు సంతకం వస్తే సరిపోతుందని, అమ్మ మిరపకోతలకు పోతే తమ్ముణ్ణి చూసుకునే మనిషి కావాలని ఆయన లెక్క. మా నాన్న చెడ్డవాడు కాదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ నాన్నైనా అదే మాట అనేవాడు. నేను కంచం ముందు ఏడుపు మింగుతూ కూర్చున్నాను. అప్పుడు మా నాయనమ్మ మజ్జిగ పోస్తూ పోస్తూ ఆగింది.

"ఒరేయ్, సంతకానికేనా దాని చదువు? ఈ ఏడు నన్ను పెడనకి అదే తీసుకెళ్తుంది. బోర్డులు చదివి తీసుకెళ్తే బడికి పంపుతావా?"

మా నాన్న నవ్వాడు. "నువ్వు దారిపొడుగునా నలభైమందిని అడుగుతావుగా అమ్మా. ఎవర్నీ అడక్కుండా తీసుకెళ్తే అప్పుడు చూద్దాం."

"సరే, అడగను" అంది ఆవిడ. ఆ రెండు మాటల మీద నా బడి వేలాడింది.

బయల్దేరిన రోజున నేను జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టించుకున్నాను. చింతపండు బుట్ట నాయనమ్మ నెత్తిన, టిక్కెట్లు నా జాకెట్టు జేబులో. కొండపల్లిలో దారి తప్పడానికేం లేదు, ఉన్నవే రెండు పట్టాలు. బెజవాడలో దిగేసరికి మాత్రం ఎటు చూడాలో తోచలేదు. అంత జనం, అన్ని ప్లాట్‌ఫారాలు. నాయనమ్మ నోరు తెరవబోయి, నా ముఖం చూసి మళ్ళీ మూసుకుంది. పాపం, ఆవిడకు అది ఉపవాసంకంటే కష్టం! పక్కనుంచి కూలీ వెళ్తుంటే ఆవిడ తల వాడివెంట తిరిగేది, మాట మాత్రం బయటికొచ్చేది కాదు.

నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది. మచిలీపట్నం అని కూడబలుక్కుని చదివాను. బందరుని కాగితాల్లో అలా రాస్తారని మా మేష్టారు చెప్పారు కాబట్టి సరిపోయింది. ప్లాట్‌ఫారం అంకె చూశాను. వంతెనెక్కి దిగాం. రైలు నిలబడే ఉంది. వెనక పెట్టెలు గంపలతో, కోళ్ళతో, చంటిపిల్లలతో కిటకిటలాడుతున్నాయి. ముందు పెట్టెల్లో చోటుంది. కిటికీ పక్కన కూర్చోవచ్చని నాయనమ్మను ముందు పెట్టెలోకి లాక్కుపోయాను. ఎక్కేముందు ఆవిడ ఒక్కసారి ఆగి, "వెనక అంతమంది ఎందుకెక్కారే?" అంది. "వాళ్ళకి నడిచే ఓపిక లేక" అన్నాను నేను. చదువొచ్చినదాన్ని కదా!

మా ఎదురు బల్ల మీద గాజులమ్మే సాయిబుగారు ఒకాయన కూర్చున్నాడు. తెల్లగడ్డం, పక్కన గాజుల పెట్టె. రైలు కదిలాక నేను కిటికీకి అతుక్కుపోయి స్టేషను వచ్చినప్పుడల్లా పేరు పైకి చదవడం మొదలుపెట్టాను. నిడమానూరు. ఉప్పలూరు. పెట్టెలో ఉన్న నలుగురూ మెచ్చుకున్నారు. "అబ్బో, గార్డు గారు మన పెట్టెలోనే ఉన్నారే!" అన్నాడు సాయిబుగారు. నేను ఇంకాస్త గట్టిగా చదివాను. ఉప్పలూరు దాటాక ఆయనా మా నాయనమ్మా తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకున్నారు. నేను పట్టించుకోలేదు. కంకిపాడు వైపు చేలల్లో కొంగలు లెక్కపెట్టుకుంటున్నాను.

గుడివాడలో రైలు ఆగింది. చాలాసేపు ఆగుతుందని అందరూ కాళ్ళు చాపుకోవడానికి దిగారు. సాయిబుగారు కళ్ళు చికిలించి వెనక్కి చూస్తూ, "చిన్నమ్మా, ఒక సాయం చేసిపెడతావా? ఆ చివరి పెట్టె మీద సుద్దతో ఏదో రాశారు. నాకు ఉర్దూ తప్ప తెలుగక్షరం రాదు. కాస్త చదివొచ్చి చెప్పు తల్లీ" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి! రిబ్బన్లు ఎగిరేలా పరుగెత్తాను. చివరి పెట్టె దగ్గర నిలబడి చదివాను. మచిలీపట్నం. దాని ముందు పెట్టె, మచిలీపట్నం. నాలుగు పెట్టెలు దాటాను. ఐదో పెట్టె మీద భీమవరం అని ఉంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. ఆ ముందుది కూడా భీమవరమే. ఆ రెండు ఊళ్ళ పెట్టెల మధ్య ఒక రైల్వే మనిషి పట్టాల్లోకి దిగి గొలుసులు విప్పుతున్నాడు.

అప్పుడు తెలిసిందమ్మా నాకు. బెజవాడ నుంచి ఒక్కటిగా వచ్చిన రైలు గుడివాడలో రెండవుతుంది. ముందు సగం భీమవరం పోతుంది, వెనక సగానికి ఇంకో ఇంజను తగిలించి బందరు తీసుకెళ్తారు. పల్లపు సీమలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన ముచ్చట అది. మెట్టదాన్ని, నాకేం తెలుసు? నల్లబల్ల మీద పేరు చదివాను గానీ పెట్టె మీద చదవలేదు. బెజవాడలో పెట్టెల వైపు చూస్తే ఖాళీ కిటికీ ఒక్కటే నా కంటికి కనబడింది.

నాయనమ్మ భీమవరం పోతే? బుట్ట? టిక్కెట్లు నా జేబులో ఉన్నాయే! ఇంజను కూత వేసింది. "నాయనమ్మా దిగు, దిగు, మనది ఇది కాదు!" అని అరుచుకుంటూ పరుగెత్తాను.

ఆవిడ మా పెట్టె ముందు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుని, బుట్ట ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకుని తయారుగా ఉంది. "అలాగా తల్లీ! చదివావు కాబట్టి సరిపోయింది. పద పద" అంది. ఇద్దరం వెనక పెట్టెల వైపు నడిచాం. ఒక గంపలావిడ జరిగి చోటిచ్చింది. నాకు ఊపిరి ఇంకా కుదుటపడలేదు గానీ, లోపల లోపల గర్వం మళ్ళీ తల ఎత్తుతోంది. తప్పు కనిపెట్టింది నేనే కదా అని.

అప్పుడు ముందు సగం కదిలింది. అది మొదట వెనక్కి ఒక్క అడుగు తగ్గి, ఆ తరవాత సాగింది. మా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. పట్టాలు అక్కడ కాస్త వంపు తిరిగి ఉండడంతో, వెనక్కి తగ్గిన ఆ ఒక్క అడుగులో సాయిబుగారు కూర్చున్న కిటికీ నాకు కనబడింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తెలుగు పేపరు విప్పి, వేలు పెట్టి వరస వెంబడి చదువుకుంటున్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. పేపరు గబుక్కున కిందికి దించాడు. తరవాత ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, నవ్వి చెయ్యి ఊపాడు.

"నాయనమ్మా! ఆయనకి చదువొచ్చు!"

"వస్తే వచ్చిందిలే" అంది మా నాయనమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ముఖం తుడుచుకుంటుందో నవ్వు తుడుచుకుంటుందో తెలియలేదు.

గుడ్లవల్లేరు దాకా నేను కిటికీ వైపు తిరగలేదు. స్టేషన్ల పేర్లు చదవలేదు. తరవాత ఆవిడే నెమ్మదిగా చెప్పింది. ఎందాకా వెళ్తున్నారని సాయిబుగారే అడిగాడట. పెడన అనగానే, అయ్యో ఇది భీమవరం పెట్టె కదమ్మా అన్నాడట. మా నాయనమ్మ మా నాన్న పెట్టిన షరతు చెప్పి, పదిమందిలో పిల్ల తల వంచకూడదని ఉంది, రైలు పోకూడదనీ ఉంది, అదే నా చిక్కు సాయిబూ అందట. గుడివాడ రానివ్వండి, దాని అక్షరాలే దానికి చెబుతాయి అన్నాడట ఆయన. "నువ్వు చదివి రాకపోయి ఉంటే చెవి పట్టుకు దింపేదాన్నే. అంతదాకా రాలేదుగా" అంది.

ఆ పూట పెడనలో చిన్ననాయనమ్మ చేపల పులుసు పెట్టింది. తిన్నాను గానీ రుచి గుర్తులేదు. ఇంటికెళ్ళాక నాన్నకు ఏం చెప్పాలన్నదే నా బెంగ.

వారం తరవాత తిరిగొచ్చాం. మా నాన్న వాకిట్లో పశువులకు కుడితి కలుపుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఏమ్మా, ఎంతమందిని అడిగారు?"

"మేమెవర్నీ అడగలేదురా. ఒకాయనే మమ్మల్ని అడిగాడు" అంది మా నాయనమ్మ. అందులో ఒక్క అబద్ధం ముక్క లేదు. "గుడివాడలో రైలు రెండైతే పెట్టె మీద రాత చదివి నన్ను దింపింది కూడా ఇదే."

మా నాన్న ముఖంలో మెప్పు కనబడింది. అంతటితో అయిపోయేది. నేను ఊరుకుంటే చాలు, బడి నాదే. కానీ పదిమందిలో నన్ను తలవంచనీయకూడదని ఆ ముసలావిడ ఒక రోజు ప్రయాణమంతా పణంగా పెట్టింది. ఊరూ పేరూ తెలియని పెద్దాయన నా కోసం చదువు రానివాడయ్యాడు. ఆ మర్యాద మీద కూర్చుని గొప్ప చెప్పుకోవడం నాకు చాతకాలేదు.

"తప్పు పెట్టె ఎక్కించింది కూడా నేనే నాన్నా" అన్నాను.

నాయనమ్మ చటుక్కున నా వైపు చూసింది. మా నాన్న కుడితిలోంచి చెయ్యి తీశాడు. చేతికంటిన తవుడు తొట్టి అంచుకు తుడిచాడు. చాలాసేపు పట్టింది ఆ తుడవడం.

"ఎక్కించిందీ నువ్వే, దింపిందీ నువ్వే" అన్నాడు చివరికి. "సరే, సగమే వచ్చిందన్నమాట చదువు. మిగతా సగం నేర్చుకురా, పో."

ఐదో తరగతి దాకా చదివాను. ఆపైన మా ఊళ్ళో బడి లేదు. మైలవరం పంపే తాహతు మావాళ్ళకు లేదు. ఆ రెండేళ్ళు నాకు మా నాయనమ్మా, ఒక సాయిబుగారూ కలిసి ఇచ్చినవి. ఆయన్ను మళ్ళీ చూడలేదు. పేరైనా అడగలేదు. అడగకూడదనే కదా ఆ రోజు మా పట్టుదల.

ఇప్పుడు బెజవాడ స్టేషనులో లైట్లతో పేర్లు పరుగెడతాయి, మైకులో మూడు భాషల్లో చెబుతారు. అయినా నేను చదువుతాను, చదివాక ఇద్దరిని అడుగుతాను కూడా. మా మనవరాలు "అమ్మమ్మా, ఫోనులో ఉంది కదా!" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ, నేనూ విసుక్కున్నదాన్నే.

అడగడం కంటే కష్టమైనది ఇంకొకటుంది. ఎదుటివాళ్ళ తప్పు కంటబడగానే నాలిక దురద పెడుతుంది చూడండి, అప్పుడు ఒక్క నిమిషం ఆగడం. వాళ్ళంతట వాళ్ళు చూసుకునే దారి ఏదన్నా ఉందేమో వెతకడం. నాకు ప్రతిసారీ కుదిరిందని చెప్పను. మా కోడల్ని అడిగితే వేరే కథ చెబుతుంది. కానీ నోరు జారిన ప్రతిసారీ, కిందికి దించిన ఆ పేపరు కళ్ళముందు కదులుతుంది. మర్నాడు కాస్త తగ్గి మాట్లాడతాను.

ఇక లేవండి, పొద్దెక్కింది. మీ ఇంట్లోంచి బయల్దేరిన ప్రతి మనిషీ చేరాల్సిన చోటికి చేరి, క్షేమంగా తిరిగి రావాలి. తప్పు చేసిన పిల్ల కూడా మీ ఇంట్లో తలెత్తుకుని అన్నానికి కూర్చోవాలి. చల్లగా ఉండండి తల్లీ.