కాస్త తడిసిన బండి

మెకానిక్ ఎప్పుడూ యజమాని మాట నమ్మడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని ఇంజను మాటే వింటాడు. ఒక రోజు అతని బావమరిది, తన తండ్రి పొలంలో తిరగడానికి ముచ్చటపడి కొనుక్కున్న నాలుగు చక్రాల మోటారు బండిని తోసుకొచ్చాడు.

"వానకి కాస్త తడిసింది బావా, అంతే."

ఇంజను ఉలకలేదు, పలకలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే బురదతో పాటు వేలెడంత చేప జారి మెకానిక్ ఒళ్లో పడింది.

"వానలో ఇదీ పడిందా?" అన్నాడు తాపీగా.

"చెరువు అడ్డొచ్చింది బావా. నాన్నకి చెప్పకు!"

లోపల నీళ్లు చొరబడి వంగిన కనెక్టింగ్ రాడ్డు మార్చి, కొత్త పిస్టన్ వేసి బిగించేసరికి వారం పట్టింది. మీట నొక్కగానే ఇంజను గుర్రుమంది. బావమరిది ఎగిరి సీటెక్కాడు. మెకానిక్ తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"మామగారికి వానలో తడిసిందనే చెబుతాలే. నువ్వు మాత్రం ముందు ఈత నేర్చుకుని రా."