గిరాటు పిన్ని

ఆ లాండ్రీలో ఉతికిన బట్టలను ఏ ఇంటివి ఆ ఇంటికి వేరుచేసే పని ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక్క మనిషిదే. ఆమెను అందరూ గిరాటు పిన్ని అనేవారు. గోడవారగా ముప్పైరెండు బుట్టలు, బుట్టకొక ఇల్లు. పిన్ని నడుమ నిలబడి, గుట్టలోనుండి ఒక్కొక్క బట్టనే అందుకొని, క్షణకాలం తిప్పి చూచి గిరాటు వేసేది. అది ఏ బుట్టలో వాలితే ఆ ఇంటిదే. గురి తప్పగా చూచినవారు లేరు.

"నడిచి వెళ్లి పెట్టొచ్చుగా పిన్నీ?" అంటే, "రోజంతా ఈ బుట్టల చుట్టూ తిరిగితే, సాయంత్రానికి నన్నే ఓ బుట్టలో పెట్టి ఇంటికి పంపాలి" అనేది.

యజమానికి వయసు మీరగా పెత్తనం అల్లుడి చేతికి వచ్చింది. అల్లుడు బుద్ధిమంతుడే గాని, ఎగిరే చొక్కాలను చూస్తే అతనికి కళ్లు తిరిగేవి. ఆ వారమే ప్రతి బట్ట అంచునా సిరాతో ఇంటి అంకె వేయించాడు.

"పిన్నీ, ఇక అంకె చూసి ఎవరైనా సర్దేస్తారు. ఈ శనివారందాకా చేసి, హాయిగా ఇంటిపట్టున ఉండండి."

"హాయిగా కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేస్తుందా బాబూ?" అని పిన్ని మళ్లీ గుట్టవైపు తిరిగింది. ఆ సంపాదన మీద ఆమెతోపాటు చూపు మందగించిన అక్కగారు కూడా బతుకుతున్నది.

శనివారం మూడు గంటలకు బట్టలు ఆరి వచ్చాయి. మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అంకె మాత్రం ఒక్కటీ లేదు. ఆ సిరా కాగితానికి తగినదే గాని, మరిగే నీళ్లకు ఆగేది కాదని లాండ్రీలో ఎవరికీ తోచలేదు. అయిదింటికి జనం వస్తారు. అల్లుడు గుట్ట ముందు తల పట్టుకొని కూలబడ్డాడు.

అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చున్న పాత ఖాతాదారు, బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు, గొంతు సవరించుకొన్నారు.

"ఎంత అస్తవ్యస్తమో చూడండి మాస్టారూ!" అన్నాడు అల్లుడు.

"చక్కటి మాట వాడావు నాయనా. అస్తమంటే విసిరినది. వ్యస్తమంటే తలోదిక్కుకీ విసిరినది. ఆ మాట పుట్టిందే విసరడంలోంచి."

"అంటే పిన్ని చేసే పనేగా!"

"తొందరపడకు. పొందికగా అమర్చడాన్ని విన్యాసమంటాం చూడు, దాని ధాతువూ అదే. ఎక్కడికి విసురుతోందో చేతికి తెలిస్తే విన్యాసం. తెలియకపోతే, ఇదిగో, నీ గుట్ట."

"ఆ సంగతి తర్వాత తేల్చుకోండి గాని, కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి మాస్టారూ. మీ కిందే తొమ్మిదో బుట్ట" అంటూ పిన్ని గుట్టలో చెయ్యి పెట్టింది.

"మోచేతులు అరిగాయి. బల్లకి ఆనుకుని రాసే గుమాస్తావి." ఎగిరింది చొక్కా. "ఈ దుప్పటి మూల కొరికిన కుక్క నాకు బాగా ఎరుకే." ఎగిరింది దుప్పటి. "తెల్ల చొక్కాకి నల్లదారంతో బొత్తం! పెళ్లాం ఊళ్లో లేని డ్రైవరుది." తువ్వాళ్లు, దిండు గలేబులు, పిల్లల నిక్కర్లు గది నిండా పక్షుల్లా రెక్కలు విప్పాయి. అల్లుడు వంగి వంగి తప్పుకొంటున్నాడు.

అయిదుకు పది నిమిషాలుండగా ఒక్క చొక్కా మిగిలింది. పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"ఇది నేనెరిగిన బట్ట కాదు. మెడపట్టీ నలిగింది. పై బొత్తం లాగి లాగి దారం వదులైంది. ఎవడో గాభరా మనిషి. మన ముప్పైరెండిళ్లలో ఇంత గాభరా మనిషి లేడే!"

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. "అది... నాదే పిన్నీ. ఇంట్లో ఉతికే తీరిక లేక, ఎవరూ చూడకుండా ఇందులో పడేశాను."

మాస్టారు నవ్విన నవ్వుకు బల్ల కిర్రుమన్నది. పిన్ని మాత్రం నవ్వలేదు.

"సోమవారం నన్ను రమ్మంటావా, వద్దంటావా? ఆ ఒక్క ముక్కా తేల్చు బాబూ."

"రండి పిన్నీ. మీరు రాకపోతే నా గతేం కాను?"

"అయితే ముప్పైమూడో బుట్ట తెప్పించు" అని పిన్ని ఆ చొక్కాను అతని భుజం మీదికి గిరాటు వేసి, తలుపులు తీయడానికి వెళ్లింది.