కార్డు చూపించని కాటా శీను

అది 2024 జనవరి. పత్తి సీజను ముమ్మరంగా ఉంది. చిలకలూరిపేట దాటాక హైవే మీద ఒక జిన్నింగు మిల్లు గేటుకు ఎదురుగా నా బడ్డీకొట్టు. జిన్నింగు అంటే పత్తిలోంచి గింజ వేరుచేసే పని. లోపల ఒక్క నిప్పురవ్వ పడినా మిల్లంతా తగలబడిపోతుంది. అందుకని గేటు దగ్గరే జేబులు తడిమి అగ్గిపెట్టెలు, లైటర్లు తీసేసుకుంటారు. కాల్చాలనుకున్నవాళ్లు రోడ్డు దాటి నా దగ్గరికి రావాల్సిందే. టీ, బిస్కెట్లతో పాటు బీడీలు, సిగరెట్లు కూడా అమ్ముతాను.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు సరుకు అమ్మకూడదని చట్టం. అనుమానం వస్తే వయసు రుజువు, అంటే ఏజ్ ప్రూఫ్, అడగాల్సింది అమ్మేవాళ్లే. ఆ సంగతి చెప్పే బోర్డు చాలా కొట్ల మీద ఉంటుంది, అడగడమే ఉండదు. నేను మాత్రం గట్టిగా అడిగేదాన్ని. అసలు కారణం చెప్తే నవ్వుతారు. యాభై దాటాక మా ఊళ్లో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక చదవడానికి ఏదో ఒకటి కావాలి కదా. నాకు దొరికినవి ఆధార్ కార్డులు. మీసం సరిగా మొలవని ప్రతివాడినీ కార్డు తియ్యమనేదాన్ని. పుట్టిన తేదీ చూస్తే సరిపోతుంది, కానీ నేను పేరు, తండ్రి పేరు, ఊరు, పిన్‌కోడు దాకా వదిలేదాన్ని కాదు. అదీ పైకి. మనసులో చదువుకోవడం అప్పటికి నాకు రాదు, నోరు కదిలితేనే అక్షరం పలికేది. ఆ ఆనందం అక్షరాలు చిన్నప్పుడే వచ్చినవాళ్లకు చెప్పినా తెలియదు.

శీను ఆ మిల్లులోనే కాటా గుమాస్తా. పత్తి లారీని వేబ్రిడ్జి మీదికి, అంటే బండిని సరుకుతో సహా తూచే కాటా మీదికి, ఎక్కించి తూకం చీటీ ఇస్తాడు. మనిషి పొట్టి. బుగ్గలు నున్నగా ఉంటాయి. పదో తరగతి పరీక్షలు రాయబోతున్నవాడనుకుంటారు ఎవరైనా. చేరిన కొత్తలో వచ్చి లూజు సిగరెట్ అడిగాడు. లూజు అంటే ప్యాకెట్ విప్పి విడిగా ఒక్కటి ఇవ్వడం. కార్డు చూపించమన్నాను.

"నాకు ఇరవై మూడేళ్లు పెద్దమ్మా."

"నాకు పదహారేనంటాను, నువ్వు నమ్ముతావా? కార్డు తియ్యి."

తియ్యలేదు. విసురుగా వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే భాగోతం. బల్ల మీద కూర్చున్న లారీ డ్రైవర్లు, పాలసీసా కావాలా బుడ్డోడా అని ఆటపట్టించేవాళ్లు. జేబులో పర్సు కనపడుతూనే ఉండేది, కార్డు మాత్రం బయటికి వచ్చేది కాదు. కొన్నాళ్లకు అడగడం మానేసి, టీ తాగి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి టీ చెప్పాడు. గ్లాసు చేత్తో పట్టుకుని ఎంతసేపటికీ తాగడే. అది చూడగానే నాకు అర్థమైపోయింది, సంబంధం వాకబుకు వచ్చాడని. మా వైపు పెళ్లి ఖాయం చేసుకునే ముందు ఆడపిల్లవాళ్లు చల్లగా వచ్చి పెళ్లికొడుకు పనిచేసే చోట కొట్టువాళ్లను అడుగుతారు. ఎవడికి ఏం అలవాటుందో కొట్టువాళ్లకు తెలిసినట్టు కన్నవాళ్లకు కూడా తెలియదు. ఆయనది చీరాల, మగ్గం పని. మేనకోడలికి శీను సంబంధం వచ్చింది. పెళ్లిచూపులు కూడా అయ్యాయి.

"అబ్బాయికి అలవాట్లేమన్నా ఉన్నాయా అమ్మా?"

నా కొట్లో ఒక్క సిగరెట్టు కూడా కొనలేదని చెప్పాను. అక్కడితో ఆపితే పోయేది. నా రూలు గురించి గొప్ప చెప్పుకోవాలని నోరు దురదపెట్టింది.

"కొందామన్నా నేను అమ్మలేదు అన్నయ్యగారూ. వయసు కార్డు చూపించమంటే ఎప్పుడూ చూపించడు."

ఆయన ముఖం మారిపోయింది. మధ్యవర్తి ఇరవై మూడన్నాడట. పెళ్లిచూపుల్లోనే అనుమానం వచ్చిందట. మగపిల్లాడికి ఇరవై ఒకటి నిండకుండా పెళ్లి చేస్తే కేసు. "వయసున్నోడైతే కార్డు దాచిపెట్టాల్సిన పనేంటమ్మా?" అన్నాడు. నిజం చెప్పి మా పిల్లని కాపాడారని దండం పెట్టాడు. ఇంటికి వెళ్లి వద్దని కబురు పంపేస్తానని బస్సు కోసం రోడ్డు వైపు తిరిగాడు.

అప్పుడు గాని నాకు వెలగలేదు. శీను వయసెంతో నాకేం తెలుసు? నిజంగా ఇరవై మూడే అయితే, నా మాట వల్ల ఒక పిల్లాడి పెళ్లి చెడిపోతుంది. "ఈ పాలు పొంగకుండా చూస్తుండండి, ఇప్పుడే వస్తా" అని గరిటె ఆయన చేతిలో పెట్టి, చీర ఎగదోపుకుని హైవే దాటాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను కూడా ఆపి బొడ్లో ఉన్న అగ్గిపెట్టె తీసుకున్నాడు. నేను గేటు ఊచలు పట్టుకుని కాటా గది కిటికీ వైపు కేకేశాను.

"ఒరేయ్ శీనూ, కార్డు తీసుకుని రారా. నీ పెళ్లి తప్పిపోతోంది."

కాటా మీద ఉన్న లారీని అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. దాని డ్రైవరూ వెనకే వచ్చాడు. కొట్టు దగ్గర కాబోయే పెళ్లికూతురి మేనమామ బుద్ధిగా పాలు కలుపుతున్నాడు. ఆయన్ని చూడగానే శీను ముఖం పాలిపోయింది. ఇక చేసేది లేక పర్సులోంచి కార్డు తీశాడు, కానీ ఫొటో మీద బొటనవేలు పెట్టి పట్టుకున్నాడు.

"వేలు తియ్యరా."

తీశాడు. నున్నటి గుండు, గుండు నిండా గంధం, ఒక కన్ను మూసుకుని ఏడవబోతున్న పదేళ్ల పిల్లాడు.

"తిరుపతి నుంచి వచ్చిన రోజే ఊళ్లో ఆధార్ ఫొటోలు తీశారు పెద్దమ్మా. మళ్లీ దిగనేలేదు. దీన్ని నువ్వు ఈ డ్రైవర్ల ముందు పట్టుకుని పైకి చదువుతుంటే అందరూ ఫొటో చూస్తారు, ఇక నేను కాటాలో కూర్చోగలనా?"

అయినా ఆ రోజు చదవక తప్పలేదు. పేరు చదివాను, తండ్రి పేరు చదివాను, పుట్టిన తేదీ చదివాను. మేనమామ సంవత్సరం మళ్లీ చదివించుకుని వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. ఇరవై మూడు. కార్డు తీసుకుని ఫొటో వైపు, శీను వైపు మార్చి మార్చి చూశాడు.

"అబ్బాయ్, ఏమాత్రం మారలేదయ్యా నువ్వు" అని పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వుతుంటే శీనుకూ నవ్వొచ్చింది. నా సంతోషానికైతే పట్టపగ్గాల్లేవు. ప్యాకెట్ విప్పి ఒక సిగరెట్ తీసి శీను ముందు పెట్టాను.

"తీసుకోరా. రుజువు చూపించావు, ఇక నేను కాదనడానికి లేదు."

శీను దాని వైపు చూశాడు. మేనమామ వైపు చూశాడు. ఆయన గబుక్కున తల తిప్పి, రాని బస్సు కోసం రోడ్డు వంక చూడసాగాడు.

"బిస్కెట్ ప్యాకెట్టివ్వు పెద్దమ్మా," అన్నాడు శీను, "మామయ్యగారికి."

మాఘమాసంలో చీరాలలో పెళ్లయింది. కార్డు అడగడం నేను మానలేదు, ఇంకా గట్టిగానే అడుగుతున్నాను. అయితే ఇప్పుడు పెదాలు బిగబట్టి తేదీ ఒక్కటే చూస్తాను, ఆ విద్యకు నాకు ఏడాది పట్టింది. చూపించకపోతే సరుకు లేదంటాను, అంతే. ఎందుకు చూపించలేదో నేను ఊహించుకోను, ఎవరైనా వచ్చి అడిగితే, నాకు తెలియదు, అతన్నే అడగండి అని చెప్తాను.