వెంకాయమ్మగారి పొయ్యి మీద విరిగిన పాలు

1977 జూలైలో నన్ను రాజోలు వైపు ఒక లంక గ్రామానికి గ్రామసేవికగా వేశారు. పంచాయతీ సమితిలో ఆడవాళ్ళ ఉద్యోగాలకు అదే అట్టడుగు మెట్టు. మా పైన ముఖ్యసేవిక, ఆవిడ పైన బి.డి.ఓ. గారు. మహిళా మండలి నడపడం, బాలింతలనూ పసిపిల్లలనూ ఇంటింటికీ వెళ్ళి చూడడం, నెలకు రెండు వంట ప్రదర్శనలు పెట్టి రిజిస్టరులో సంతకాలు తీసుకోవడం నా పని. ప్రదర్శనను అందరం డెమో అనే అనేవాళ్ళం.

ఆ ఊళ్ళో నేను చూసిన మొదటి బాలింత సుబ్బలక్ష్మి. తల్లి లేని పిల్ల కావడంతో పురుడు అత్తవారింట్లోనే పోశారు. రెండో నెల వచ్చినా మంచం దిగలేకపోయేది. కాళ్ళు పొంగి, కళ్ళ కింద రెప్ప తెల్లగా పాలిపోయి ఉండేది. ఆసుపత్రి డాక్టరుగారు మందులు రాసి, మాంసకృత్తులున్న తిండి పెట్టకపోతే మందులు కూడా పని చెయ్యవని, బిడ్డకు పాలు కూడా తగ్గిపోతాయని గట్టిగా చెప్పారు. ఇంట్లో పెట్టేది పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం. ఆ రెండింటితో మనిషి నిలబడదు. పప్పు వాతమన్నారు, గుడ్డు నీచన్నారు, పాలు తాగితే బిడ్డకు జలుబన్నారు. ఈ పథ్యం నడిపేది అత్తగారు వెంకాయమ్మగారు. చెడ్డ మనిషి కాదు. తాను అయిదు పురుళ్ళు ఇలాగే దాటింది కాబట్టి ఇదే దారి అనుకునేది, అంతే.

నాకు పాలవిరుగుడు గుర్తుకొచ్చింది. మాకు శిక్షణలో నేర్పినది. పాలు కాగి పొంగగానే దించి, నీళ్ళలో కలిపిన నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. పచ్చటి నీరు తేరగానే ఆపెయ్యాలి. ఇంకా పోస్తే ముద్ద గట్టిపడి పులుపెక్కుతుంది. గుడ్డలో వడగట్టి, మూటకట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెడితే గంటలో ముద్ద సిద్ధం. ఉత్తరాది వాళ్ళు దాన్ని పనీర్ అంటారు. మా వైపు పన్నీరంటే పెళ్ళిళ్ళలో చల్లేదే కనక నేను విరుగుడు అనే చెప్పేదాన్ని. పథ్యంలో తినకూడని వాటిలో విరుగుడు పేరు లేదు. ఎవరూ తిని ఎరగరు కనక ఎవరూ వద్దనలేదు. నా ధైర్యం అదే.

వెంకాయమ్మగారి ఇంటి పంచలో డెమో పెట్టాను. వంటింట్లోకి నన్ను రమ్మనలేదు. మాది క్రైస్తవ కుటుంబం, మా తాతగారు పాలేరుతనం చేసినవారు. రమ్మనకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు, ఇద్దరం పైకి అనుకోలేదు. బాధ వెయ్యలేదంటే అబద్ధం. పంచలో వాళ్ళ కుంపటి మీద, వాళ్ళ గేదె పాలే పోసి విరగ్గొట్టాను. చుట్టూ కూర్చున్న పదిమందీ ఒక్కసారిగా గిన్నెలోకి తొంగి చూశారు. శ్రద్ధగా చూస్తున్నారనుకుని మురిసిపోయాను. ముద్దను చిదిపి ఉల్లిపాయ, మిరియాల పొడి, కరివేపాకు వేసి కోడిగుడ్డు పొరటులాగా పొరటాను. తేరిన నీళ్ళతో చారు పెట్టాను. సుబ్బలక్ష్మి ఆ పొరటుతో రెండుసార్లు అన్నం కలుపుకుంది.

మూడో రోజున వెంకాయమ్మగారి గేదె చేపలేదు. పొదుగు గట్టిపడి పాలు దిగలేదు. ఊరంతటికీ కారణం తెలిసిపోయింది, నాకు తప్ప. గేదె ఉన్న ఇంట్లో దాని పాలు కావాలని విరగ్గొడితే గేదె పాలు తప్పుతుందని అక్కడి నమ్మకం. వాటంతటవి విరిగితే పరవాలేదు, బెల్లం వేసి కోవా చేసుకుంటారు. చేత్తో విరగ్గొట్టకూడదు. నేనూ ఈ సీమలో పుట్టినదాన్నే. కాని మాకు ఏనాడూ గేదె లేదు. గేదె లేనివాళ్ళకు దాని కట్టుబాట్లు ఎవరు చెబుతారు?

ముఖ్యసేవికకు సంగతి తెలిసి, ఆ ఇంటిని వదిలేసి డెమో వేరే వీధిలో పెట్టమన్నారు. రిజిస్టరు లెక్కన ఆవిడ మాట సబబే. పదిమంది సంతకాలు ఎక్కడైనా దొరుకుతాయి. సుబ్బలక్ష్మి మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. వదలనని చెప్పేశాను.

పశువుల ఆసుపత్రి కాంపౌండరుగారిని బతిమాలి తీసుకువెళ్ళాను. ఆయన చూసి, ఇది పొదుగువాపు, డెమోకి ముందే మొదలై ఉంటుందని చెప్పి మందిచ్చారు. వారానికి గేదె తేరుకుంది. ఇక నా మాట నెగ్గినట్టేనని వెళ్ళి కూర్చున్నాను. వెంకాయమ్మగారు మంచినీళ్ళిచ్చి నెమ్మదిగా అన్నారు.

"ఆయన చెప్పింది నిజమే అవ్వచ్చండి. కాదన్ను. నా పొయ్యి మీద మాత్రం మళ్ళీ వద్దండి."

వాదించి లాభం లేదని అప్పుడు తెలిసింది. నిజం నా పక్కనే ఉంది, తిండి మాత్రం సుబ్బలక్ష్మి కంచంలోకి రావడం లేదు. అయినా రోజూ సాయంత్రం వెళ్ళి బిడ్డను తూచి, తల్లి కాళ్ళు చూసి వచ్చేదాన్ని. విరుగుడు ఊసెత్తలేదు. అయిదారు రోజులకు సుబ్బలక్ష్మే అత్తగారిని అడిగిందట, ఆ పూట చేసిన కూర మళ్ళీ ఎప్పుడు చేస్తారని. పురుడు పోసుకున్నాక ఆ పిల్ల నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే వెంకాయమ్మగారు చెంబెడు పాలతో నేను అద్దెకున్న గది గుమ్మం ముందు నిలబడ్డారు.

"మీకు గేదె ఉందేంటండీ?" అని అడిగారు.

లేదన్నాను.

"ఆయ్, మరింకేం. మీ పొయ్యి మీద విరగ్గొట్టండి. తప్పడానికి మీకేం లేదు కదా."

నవ్వాగలేదు నాకు. ఆవిడా నవ్వారు. లోపలికి వచ్చి, నా పొయ్యి పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నారు. నిమ్మరసం ఎంత పోశానో, ఎక్కడ ఆపానో అన్నీ అడిగి తెలుసుకున్నారు. ముద్ద మూట కట్టుకుని వెళ్ళి వంట తన ఇంట్లో చేశారు. నా పొయ్యి మీద చేసింది ఎలా తింటారని ఎవరో అడిగితే, పాల వస్తువుకి అంటూ మైలా ఏమిటని కసిరారట. ఆ మాట ఆవిడ నోట వస్తుందని నెల కిందట నేను అనుకోలేదు.

రెండు వారాలు ఇలా నడిచాక మిగతా ఇళ్ళవాళ్ళు తమలో తామే సర్దుకున్నారు. ఈ ఇంటి పాలు ఆ ఇంట్లో, ఆ ఇంటి పాలు ఈ ఇంట్లో విరగ్గొట్టుకునేవారు. ఎవరి గేదె పాలూ వాళ్ళ సొంత పొయ్యి మీద విరగవు. ఆనపకాయ కూరలోనూ, మునగాకు వేపుడులోనూ విరుగుడు వేసుకోవడం వాళ్ళు కనిపెట్టినదే, నా శిక్షణలో లేదు. అట్లతద్దికి సుబ్బలక్ష్మి తానే పిండి రుబ్బి నాకు అట్లు పంపింది.

నెలవారీ రిపోర్టులో "విరుగుడు తయారీ నేర్పబడినది" అని ఒక్క ముక్క రాశాను. ఎవరి పొయ్యి మీద అన్నది రాసే గడి ఆ ఫారంలో లేదు. తర్వాత ఉద్యోగం చేసినంతకాలం కొత్త ఊళ్ళో డెమో పెట్టేముందు ఇంటి పెద్దావిడను ఒకటే అడిగేదాన్ని, ఈ ఇంట్లో ఏది చెయ్యకూడదండీ అని. చాలామంది ఏమీ లేదనేవారు. ఎప్పుడో ఒకరు ఉందని చెప్పేవారు. అలాంటి చోట డెమో సామాను సంచి తెరవకుండా ముందు ఆవిడ చెప్పింది పూర్తిగా వినేదాన్ని.