‘ఒక్కతే ఉంటుంది’ అని నేనే అన్నాను

ఆగస్టు చివరి శనివారం, ఉదయం పదింపావు. కెనడాలో, హాలిఫాక్స్‌లో మా అమ్మాయి ఇంటి మెట్ల మీద కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నాను. పక్కింటి ముందు కారు ఆగింది. దిగినవాడు ఆ ఇంటి ఓనరు. మనవాడే, నెల్లూరు వైపు. వెనకాల ముగ్గురు ఆడపిల్లలు, వరంగల్, గుంటూరు, కడపల నుంచి కొత్తగా దిగిన స్టూడెంట్లు.

“ముందే చెప్తున్నా, గురక పెట్టేవాళ్ళు బేస్‌మెంటుకి,” అంది ఒకతి.

“అయితే నీ సామాను నువ్వే కిందికి మోసుకో,” అంది ఇంకొకతి.

ఓనరు నన్ను చూసి నవ్వాడు. “ఆంటీ, మీకు థ్యాంక్స్ చెప్పాలి. ఆ రోజు మీరు అనకపోతే నాకు తట్టేదే కాదు.”

ఏమన్నానో వెంటనే గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఈనెలు తీయడం ఆపేశాను.

మేముండేది నల్లజాతివాళ్ళ పేట. ఆ పక్కింట్లో అద్దెకుండే డెబ్భై దాటిన ఆవిడ చెప్పేది, ఒకప్పుడు వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వాళ్ళ కుటుంబాలేనని. మగవాళ్ళకు రైళ్ళలో, ఓడరేవులో పని. ఆడవాళ్ళకు ఆస్పత్రుల్లో, ఇతరుల ఇళ్ళల్లో. సంపాదన కొంచెమే, కానీ దానితో ఆ వీధిలో బతకడానికి సరిపోయేది. తర్వాత అద్దెలు పెరిగాయి, మంగలి షాపు పోయి కాఫీ షాపు వచ్చింది. మా అమ్మాయిలాంటి కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు వచ్చారు, మా వెనకే స్టూడెంట్లు వచ్చారు. వీధిలో జనం తగ్గలేదు, పెరిగారు. తగ్గింది ఆవిడ మనుషులు. ఆవిడ చిన్నప్పుడు సముద్రం పక్కనున్న వాళ్ళ పేటను మునిసిపాలిటీవాళ్ళు కూల్చేసి వాళ్ళను ఇటు తోలారట. “ఇంకోసారి కదలను,” అనేది నాతో.

జూన్‌లో తెలుగువాళ్ళ పిక్నిక్ జరిగింది. భోజనాల దగ్గర ఈ ఓనరు నా పక్కనే కూర్చున్నాడు. ఒక బేస్‌మెంటులో ఏడుగురు మన స్టూడెంటు పిల్లలు పడుకుంటున్నారని, అందరికీ ఒకే బాత్రూమని ఎవరో చెప్పారు. ఎవరికైనా ఇల్లు కావాలంటే తెలిసిన ఇళ్ళన్నీ ఏకరువు పెట్టడం మనకు అలవాటే కదా. “మీ ఇంట్లో నాలుగు గదులుంటే ఆ ముసలావిడ ఒక్కతే ఉంటుంది నాయనా, ఈ పిల్లలేమో ఇలా,” అన్నాను. జాలిపడే అన్నాను. జాలి ఒకరి మీద, దెబ్బ ఇంకొకరి మీద.

ఇప్పుడు పక్కింటి తలుపు తీసుకుని ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో కాగితం, ఖాళీ చేయించేదే అయ్యుంటుంది. నేను బీన్స్ గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. “సంతకం పెట్టకు!” అని నాకొచ్చిన ఇంగ్లీషులో అరిచాను.

“ఆంటీ, ఎందుకండీ అరుస్తారు? అయిపోయింది,” అన్నాడు ఓనరు.

కాగితం లాక్కున్నాను. యాభై దాటాక తెలుగు అక్షరాలు, అరవై దాటాక ఇంగ్లీషువి నేర్చుకున్నదాన్ని. కూడబలుక్కుని చదివాను. ఇల్లు ఖాళీ చేయడానికి తనకు ఇష్టమేనని ఉంది. కింద ఆవిడ సంతకం ఉంది.

“పోయిన మంగళవారమే పెట్టాను డియర్,” అంది ఆవిడ. “కొత్త అద్దె చెప్పాడు. నా పెన్షను మొత్తం ఇచ్చినా చాలదు. మా అబ్బాయి దగ్గరికి పోతున్నా.”

దాచుకోవడం నాకు చేతకాదు. “అతనికి చెప్పింది నేనే. నువ్వు ఒక్కదానివే ఉంటావని నేనే చెప్పాను,” అన్నాను.

ఆవిడ తిట్టలేదు.

“ఒక్కదాన్ని ఎందుకయ్యానో కూడా చెప్పావా?” అంది.

రెండేళ్ళు పక్కపక్కన ఉన్నాం. నేనెప్పుడూ ఆ మాట అడగనే లేదు.

ఇందాక గురక సంగతి మాట్లాడిన పిల్ల గొంతు తగ్గించి, “అన్నయ్యా, ఖాళీ ఇల్లన్నారు కదా?” అంది. ఓనరు మెట్లెక్కుతూ, “రండి, గదులు చూద్దురుగాని,” అన్నాడు. ఆవిడ పక్కకు జరిగి వాళ్ళకు దారి ఇచ్చింది. తర్వాతి శుక్రవారం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ముందురోజు వీడ్కోలు చెప్పడానికి వెళ్తే తలుపు తీయలేదు. ఎందుకు తీయాలి?

ఆ ఉదయం అక్కడ ఉన్నవాళ్ళు: ఇంటి ఓనరు, వరంగల్ పిల్ల, గుంటూరు పిల్ల, కడప పిల్ల, అరుపులు విని చెప్పులు లేకుండా బయటికొచ్చిన మా అమ్మాయి, నేను, ఆవిడ. మేం ఆరుగురం తెలుగువాళ్ళం, ఆవిడ ఒక్కతే.